విజర్డ్రీ ఆడటం ఎలా: గళ్ళ పుస్తకంతో పాతకాలపు నేలమాళిగలోకి

గత వేసవి సెలవుల్లో మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చినప్పుడు, నేను ఎంతో ఇష్టంగా ఆడే ‘విజర్డ్రీ’ అనే పాతకాలపు కంప్యూటర్ ఆటను అతనికి చూపించాను. అతను పావుగంటలో ఆరుగురు సాహసికులను తయారుచేసి నేలమాళిగలోకి దింపాడు. మరో పావుగంటలో ఆ ఆరుగురూ చనిపోయారు. “మామయ్యా, ఇది గెలవడానికి చేసిన ఆటేనా?” అని అడిగి లాప్‌టాప్ మూసేశాడు. మర్నాడు సాయంత్రం ఎండ తగ్గాక అరండల్‌పేట వెళ్ళి, చిన్నపిల్లలు లెక్కలు రాసుకునే గళ్ళ పుస్తకం ఒకటి కొని తెచ్చాం. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టిన తరవాత అతను సెలవులు అయ్యేదాకా ఆ ఆటను వదల్లేదు. ఈ ఆటలోని కష్టాలన్నీ ఒక రకమైనవి కావు. కొన్ని కష్టాలు ఓపిక పట్టిన వారికి ఏదో ఒకటి ఇస్తాయి, మరికొన్ని కాలాన్ని మాత్రమే తీసుకుంటాయి. మొదటి రకాన్ని భరించి, రెండో రకాన్ని తప్పించుకుంటూ ఎలా ఆడాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆటను సర్‌టెక్ సంస్థ 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. కథ రెండు వాక్యాల్లో అయిపోతుంది. ట్రెబోర్ అనే పిచ్చి ప్రభువు తాయెత్తును వెర్డ్నా అనే మాంత్రికుడు దొంగిలించి పది అంతస్తుల నేలమాళిగ అడుగున దాక్కున్నాడు, దాన్ని తిరిగి తేవాలి. (ఆ రెండు పేర్ల ఇంగ్లిషు అక్షరాలను వెనక నుంచి చదివితే తయారీదారుల పేర్లు రాబర్ట్, ఆండ్రూ కనిపిస్తాయి.) జపాన్‌లో 1986లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ దీని ప్రభావంతో పుట్టినదే. డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ పాత ఆపిల్ 2 ప్రోగ్రామ్ పైనే కొత్త బొమ్మలను, సంగీతాన్ని అమర్చి, 2024 మేలో పూర్తి స్థాయి పునర్నిర్మాణాన్ని విడుదల చేసింది. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ ప్రతినే తీసుకోవడం మంచిది. తెర మూలలో అసలు ఆపిల్ 2 బొమ్మను కూడా చూస్తూ ఆడుకునే వీలు ఇందులో ఉంది, పాత నియమాలలో కొన్నింటిని మార్చుకునే అమరికలూ ఉన్నాయి.

జట్టు కట్టడం

ప్రతి పాత్రకూ బలం, తెలివి, భక్తి, జీవశక్తి, చురుకుదనం, అదృష్టం అనే ఆరు అంకెలు ఉంటాయి. జాతిని బట్టి వచ్చే అంకెలకు ఆట యాదృచ్ఛికంగా ఇచ్చే అదనపు పాయింట్లను కలుపుకోవాలి. ఫైటర్ (యోధుడు) కావాలంటే బలం, మేజ్ (మాంత్రికుడు) కావాలంటే తెలివి, ప్రీస్ట్ (పూజారి) కావాలంటే భక్తి, థీఫ్ (దొంగ) కావాలంటే చురుకుదనం కనీసం 11 ఉండాలి. మరుగుజ్జు జాతివాడైన డ్వార్ఫ్‌కు బలం, జీవశక్తి పదేసి ఉంటాయి కనుక అతడు ఫైటర్‌గా బాగా నప్పుతాడు. ఎల్ఫ్‌కు తెలివి 10, నోమ్‌కు భక్తి 10 ఉంటాయి, హాబిట్‌కు చురుకుదనం 10తో పాటు అదృష్టం 15 ఉంటుంది. కనుక వీరిని వరసగా మేజ్, ప్రీస్ట్, థీఫ్‌లుగా తీసుకుంటే అదనపు పాయింట్లలో ఒకటి మాత్రమే అర్హతకు ఖర్చయి, మిగిలినవి జీవశక్తికి పెట్టుకోవడానికి వీలుంటుంది. మొదటి గంటల్లో జట్టును బతికించేది జీవశక్తే.

ఆ అదనపు పాయింట్లు చాలాసార్లు పదికి మించవు, ఎప్పుడో ఒకసారి పద్దెనిమిదికి పైగా వస్తాయి. ఆ పెద్ద అంకె కోసం పాత్రను చెరిపేస్తూ, మళ్ళీ తయారుచేస్తూ గంటల తరబడి కూర్చునేవారు ఉన్నారు. ఆటకు ఉన్న మొదటి లోపం ఇదేనని నా అభిప్రాయం. ఇందులో ఆటగాడి నేర్పుకు పని లేదు, విసుగు పడనివాడికి మాత్రమే బహుమతి దొరుకుతుంది. తొమ్మిదో పదో వస్తే తీసుకుని ముందుకు వెళ్ళండి. ఆ జట్టుతోనూ ఆట పూర్తవుతుంది.

పాత్రలకు మంచి, తటస్థ, చెడు అనే స్వభావాలు కూడా ఉంటాయి. మంచివారు, చెడ్డవారు ఒకే జట్టులో చేరరు. తటస్థులు ఎవరితోనైనా కలుస్తారు. ప్రీస్ట్ తటస్థంగా ఉండకూడదు, థీఫ్ మంచివాడు కాకూడదు. కాబట్టి ప్రీస్ట్‌ను మంచివాడిగా ఎంచుకుని, మిగిలినవారిలో థీఫ్‌తో సహా కొందరిని తటస్థులుగా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. ముందు వరసలో నిలబడే ముగ్గురు మాత్రమే ఆయుధాలతో కొట్టగలరు, వారినే శత్రువులూ కొడతారు. ఇద్దరు ఫైటర్లను, ఒక ప్రీస్ట్‌ను ముందు, ఒక థీఫ్‌ను, ఇద్దరు మేజ్‌లను వెనుక పెట్టడం నేను సూచించే అమరిక. అందరి బంగారాన్నీ ఒకరి దగ్గర పోగుచేసి, నేలమాళిగ పైన ఉండే పట్టణంలోని బోల్టాక్ దుకాణంలో ముందు వరసవారికి కవచాలు, డాలులు కొనండి. మేజ్‌లకు మొదట్లో ఏమీ కొననవసరం లేదు.

మొదటి రోజు

మొదటి లెవెల్ (అనుభవంతో పెరిగే స్థాయి) మేజ్‌కు మూడు నాలుగు ప్రాణాంకాలు (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే అంకెలు) మాత్రమే ఉండవచ్చు, అతడు రెండే మంత్రాలు వేయగలడు. అందుచేత మొదటి రోజుల్లో పాటించవలసిన పద్ధతి ఒక్కటే: మెట్ల దగ్గరే ఉండి, ఒక పోరాటం చేసి, పైకి వచ్చేయడం. శత్రువులు గుంపుగా ఎదురైతే మేజ్ ముందుగా ‘కటీనో’ మంత్రంతో వారిని నిద్రపుచ్చాలి, ఫైటర్లు ఆ తరవాత కొట్టాలి. నిప్పు కురిపించే ‘హలీటో’ ఒక్క శత్రువుకే తగులుతుంది కనుక, కొత్తవారు దాన్నే వాడి రెండు మంత్రాలనూ పోగొట్టుకుంటారు. మా మేనల్లుడి మొదటి జట్టు అలాగే పోయింది.

గాయాలు మాన్పడానికి సత్రంలో ఖరీదైన గదులు తీసుకోనవసరం లేదు. సత్రం వెనుక గుర్రపుశాలలో ఉచితంగా పడుకోవచ్చు. అక్కడ గాయాలు మానవు కానీ మంత్రాలన్నీ తిరిగి వస్తాయి. ప్రీస్ట్‌ను అక్కడ పడుకోబెట్టి, జట్టును నేలమాళిగ మెట్ల దాకా మాత్రమే దింపి, అక్కడే విడిది చేసి ‘డియోస్’ మంత్రంతో గాయాలు మాన్పించి, మళ్ళీ పైకి తీసుకురావాలి. డియోస్ ఒకసారి వేస్తే 1 నుంచి 8 వరకు ప్రాణాంకాలు తిరిగి వస్తాయి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే జట్టు ఒక్క బంగారు నాణెం ఖర్చు లేకుండా కోలుకుంటుంది.

మంత్రాల పేర్లు చూసి భయపడనక్కర్లేదు. అవి ఏ భాషలోనివీ కావు, కాబట్టి ఇంగ్లిషు బాగా వచ్చినవారికీ మనకూ అవి సమానంగా కొత్తవే. పైగా వాటికి ఒక చిన్న వ్యాకరణం ఉంది. హలీటో చిన్న నిప్పు అయితే, ‘మహలీటో’ ఒక గుంపు మొత్తాన్ని కాల్చే పెద్ద నిప్పు, ‘లహలీటో’ అంతకంటే పెద్దది. ‘మ’ చేరితే మంత్రం పెద్దదవుతుందని తెలుగువారికి వేరే చెప్పాల్సిన పని లేదు, మన ‘మహా’ గుర్తుకు వస్తే చాలు. ‘బ’ చేరితే అర్థం తిరగబడుతుంది: డియోస్ గాయం మాన్పితే, ‘బడియోస్’ గాయం చేస్తుంది. ఈ ఆటలో నాకు అత్యంత ప్రీతికరమైన విషయాల్లో ఇది ఒకటి. తెర మీద వివరణ లేకపోయినా ఆటగాడు తానే అర్థం ఊహించి, వేసి చూసి, ఊహ సరైనదని తెలుసుకుని సంతోషిస్తాడు. పుస్తకం చివరి పేజీల్లో మంత్రాల పట్టికను తెలుగులో రాసుకోండి, పది రోజుల్లో దాన్ని చూడవలసిన అవసరం తీరిపోతుంది.

పటం గీయడం

ఒక్కొక్క అంతస్తులో అడ్డంగా 20, నిలువుగా 20 గళ్ళు ఉంటాయి. అంటే ఒక అంతస్తుకు 400 గళ్ళు, పది అంతస్తులకు 4,000 గళ్ళు. కొత్త ప్రతిలో పటం చూపే సదుపాయం ఉన్నప్పటికీ, కనీసం మొదటి నాలుగు అంతస్తులను చేత్తో గీయమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఆటలోని మేలంతా అక్కడే ఉంది.

బ్రాడీపేటలో పెరిగినవారికి ఇది చాలా తేలిక. మా పేటలో లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు మరొక వైపు సాగుతాయి. “నాలుగు బై పద్నాలుగు” అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటో నడిపేవారి దగ్గర నుంచి పాలు పోసేవారి దాకా అందరికీ తెలుసు. విజర్డ్రీ నేలమాళిగ కూడా అలాంటిదే. మెట్లు దిగి నిలబడిన చోటు పటంలో ఎడమవైపు అడుగు మూల, దాని చిరునామా 0/0. ముఖం ఉత్తరానికి ఉంటుంది. తూర్పుకు ఎన్ని గళ్ళు, ఉత్తరానికి ఎన్ని గళ్ళు అని లెక్కపెట్టుకుంటే ప్రతి గదికీ ఒక చిరునామా దొరుకుతుంది. పేజీ కింది అంచున, ఎడమ అంచున 0 నుంచి 19 వరకు అంకెలు ముందే వేసుకోండి.

గోడలను గడి నిండా నలుపు చేసి చూపకూడదు. ఈ ఆటలో గోడలు గడికీ గడికీ మధ్య ఉండే పలుచని తెరలు, కాబట్టి గడి అంచు మీద గీత గీయాలి, తలుపు ఉన్న చోట గీత మీద చిన్న అడ్డగీత పెట్టాలి. ఒక వైపు నుంచి తలుపుగా కనిపించేది మరొక వైపు నుంచి గోడగా కనిపించవచ్చు, కనుక వెనక్కి వచ్చేటప్పుడు కూడా చూసి గుర్తించాలి. ‘మిల్వా’ అనే వెలుగు మంత్రం వేస్తే రహస్య తలుపులు బయటపడతాయి. మిల్వా లేకుండా గీసిన భాగాన్ని పెన్సిల్‌తోనూ, వెలుగులో చూసి నిర్ధారించుకున్న భాగాన్ని పెన్నుతోనూ గీయడం మేము అలవాటు చేసుకున్నాం, అది ఎన్నోసార్లు పనికి వచ్చింది.

ఇంకొక విషయం మొదట్లో ఎవరినైనా తికమక పెడుతుంది. అంతస్తు అంచుకు గోడ లేకపోతే, తూర్పున 19వ గడి దాటగానే మళ్ళీ 0వ గడిలోకి వస్తారు. పటం తప్పు గీశానని మా మేనల్లుడు సగం పేజీ చెరిపేశాడు. అతని పటం తప్పు కాదు, నేలమాళిగే అలా చుట్టుకుని ఉంది.

పటాన్ని నిజంగా పాడుచేసేవి వేరే ఉన్నాయి. కొన్ని గళ్ళలో అడుగు పెట్టగానే జట్టు ముఖం చెప్పకుండా వేరే దిక్కుకు తిరిగిపోతుంది. కొన్ని గళ్ళు ఇంకొక చోటికి చేరవేస్తాయి. కొన్ని చోట్ల ఎంత వెలుగు ఉన్నా ఏమీ కనిపించదు. విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో తిరిగినవారికి ఈ అనుభవం కొంత తెలిసి ఉంటుంది. అయితే అక్కడ ఎక్కడో ఒక చోట తల ఎత్తితే ఇంద్రకీలాద్రి కనబడి దిక్కు తెలుస్తుంది. ఇక్కడ ఆ కొండ పని ‘డుమాపిక్’ అనే మంత్రం చేస్తుంది. ముఖం ఏ దిక్కున ఉందో, మెట్ల నుంచి తూర్పుకు, ఉత్తరానికి, లోతుకు ఎంత దూరంలో ఉన్నారో అది చెబుతుంది. ఇది మొదట్లో రాదు, మేజ్ లెవెల్ పెరిగేటప్పుడు వస్తుంది. వచ్చిన రోజు నుంచి, కొత్త చోట పదిహేను ఇరవై గళ్ళు నడిచినప్పుడల్లా ఒకసారి వేసి, పుస్తకంలోని చిరునామాతో సరిచూసుకోండి. తేడా వస్తే వెంటనే ముందుకు వెళ్ళకుండా, తేడా ఎక్కడ మొదలై ఉంటుందో వెనక్కి లెక్కించండి. దిక్కు తిప్పే గడి ఎక్కడుందో పుస్తకం చూసి తేల్చిన రాత్రి మా ఇంట్లో పండగలా గడిచింది. ఏ పోరాటంలో గెలిచినప్పుడూ అంత ఆనందం కలగలేదు. పటాన్ని యంత్రమే గీసి పెట్టే ఆటల్లో దారి తప్పడం ఉండదు, అందువల్ల దారి కనుక్కోవడం కూడా ఉండదు.

చావు గురించి

ఈ ఆటలో చావును తేలిగ్గా తీసుకోవడానికి వీలు లేదు. చనిపోయినవారిని కాంట్ దేవాలయానికి తీసుకువెళ్ళి, లెవెల్‌ను బట్టి ఉండే రుసుము చెల్లిస్తే బతికించే ప్రయత్నం చేస్తారు. ప్రయత్నం విఫలమైతే ఆ మనిషి బూడిద అవుతాడు. బూడిద నుంచి లేపే రెండో ప్రయత్నం కూడా విఫలమైతే ఆ పాత్ర శాశ్వతంగా పోతుంది. జట్టంతా చనిపోతే వారి శరీరాలు పడిన చోటే ఉంటాయి, వాటిని తేవడానికి ఇంకొక జట్టును తయారుచేసి పంపాలి.

ఇది లోపమా, గుణమా అని చాలాకాలం ఆలోచించాను. గుణమేనని ఇప్పుడు నమ్ముతున్నాను, ఎందుకంటే ఆట అంతటా ఉండే అసలు ప్రశ్న దీని నుంచే పుడుతోంది: ఇంకొక తలుపు తెరవాలా, వెనక్కి వెళ్ళాలా? మూడో అంతస్తులో ప్రీస్ట్ దగ్గర ఒక్క డియోస్ మిగిలి, మెట్లకు ముప్పై గళ్ళ దూరంలో ఉన్నప్పుడు, ఎదురుగా తెరవని తలుపు ఉంటే పుట్టే గుండెదడ చావుకు ఖరీదు ఉన్నందువల్లనే వస్తుంది. దీనికి నేను పాటించే నియమం ఒక్కటి: మాన్పే మంత్రాలు సగం అయిపోగానే వెనక్కి తిరగాలి, ఎంత మంచి గది కనబడినా సరే. చివరి పోరాటాలు జరిగేది తిరుగుదారిలోనే. అలాగే మొదటి వారంలోనే రెండో జట్టును తయారుచేసి, మూడు నాలుగు లెవెళ్ళదాకా పెంచి ఉంచండి. వారు చిన్నవారైనా మొదటి జట్టు గీసిన పటం వారి చేతిలో ఉంటుంది. మనుషులు పోయినా పటం మిగలడం ఈ ఆటలోని గొప్ప ఏర్పాటు.

పెట్టెల విషయంలోనూ తొందర వద్దు. పోరాటం తరవాత దొరికే పెట్టెలకు విషపు సూది దగ్గర నుంచి మొత్తం జట్టును ఎక్కడికో విసిరేసే యంత్రం దాకా రకరకాల ఉచ్చులు ఉంటాయి. థీఫ్ పరీక్షించి చెప్పినది, ప్రీస్ట్ ‘కాల్ఫో’ మంత్రంతో చూసి చెప్పినది ఒకటైతేనే తెరవాలి.

భరించనవసరం లేని కష్టాలు

లెవెల్ పెరిగినప్పుడు పాత్ర అంకెలు పెరగవచ్చు, తగ్గనూవచ్చు. ఎంతో కష్టపడి పెంచిన ఫైటర్‌కు ఒక రాత్రి నిద్ర లేచేసరికి బలం తగ్గిపోతే, అందులో ఆటగాడు నేర్చుకోవలసినది ఏమీ లేదు. పాతదనం పేరుతో దీన్ని సమర్థించడం నాకు సరి అనిపించదు. ఆట మొదలుపెట్టే ముందు అమరికలన్నింటినీ ఒకసారి తీరికగా చదివి, మీ నిర్ణయానికి సంబంధం లేకుండా నష్టం కలిగించే నియమాలను సడలించుకోండి. మీ నిర్ణయానికి ఫలితంగా నష్టం కలిగించేవాటిని, అంటే చావు, ఉచ్చులు, మంత్రాల పరిమితి వంటివాటిని మాత్రం అలాగే ఉంచండి.

ఒకే రకమైన పోరాటాలు మళ్ళీ మళ్ళీ రావడం ఇంకొక లోపం. మొదటి అంతస్తులోని ఒక గదిలో మర్ఫీ దయ్యాలు అనే శత్రువులు ఉంటాయి. వాటి దెబ్బ తక్కువ, ఓర్పు ఎక్కువ, గెలిస్తే వచ్చే అనుభవం చాలా ఎక్కువ. అందుకని ఆటగాళ్ళు ఆ గదిలోకి పదేపదే వెళ్ళి లెవెళ్ళు పెంచుకుంటారు. మొదటి జట్టు కుదురుకునే వరకు రోజుకు నాలుగైదు సార్లు వెళ్ళడంలో తప్పు లేదు. అంతకు మించితే అది ఆట కాదు, కూలిపని అవుతుంది.

అన్నింటికంటే పెద్ద లోపం నేలమాళిగ నడుమ ఉంది. నాలుగో అంతస్తులో ఒక కాపలా పోరాటం గెలిచి నీలి రిబ్బన్ సంపాదిస్తే, దానితో తొమ్మిదో అంతస్తు దాకా దిగే లిఫ్టును వాడుకోవచ్చు. అంటే ఐదు నుంచి ఎనిమిది వరకు నాలుగు అంతస్తులను చూడకుండానే ఆట ముగించవచ్చు. తప్పక చేయవలసిన పని ఏదీ ఆ నాలుగింటిలో లేదు. మొదటి నాలుగు అంతస్తుల్లో ప్రతి మలుపునూ ఆలోచించి అమర్చినవారు, ఇక్కడ ఆటగాడికి ఒక్క కారణమైనా ఇవ్వకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ అంతస్తులను పటం పూర్తి చేయాలన్న పట్టుదలతో తిరగకండి. జట్టుకు లెవెళ్ళు కావలసినప్పుడు లిఫ్టు చుట్టుపక్కల పోరాడి రండి. మేజ్‌కు, ప్రీస్ట్‌కు అన్నింటికంటే పై తరగతి అయిన ఏడో తరగతి మంత్రాలు వచ్చే 13వ లెవెల్ దాటాక తొమ్మిదో అంతస్తుకు దిగండి.

ఆ మంత్రాల్లో ‘మలోర్’ ఒకటి. అది జట్టును కోరిన గడికి చేరవేస్తుంది, కానీ అంకె తప్పితే బండరాతి లోపలికి చేర్చి జట్టు మొత్తాన్ని శాశ్వతంగా పోగొడుతుంది. గళ్ళ పుస్తకం అసలైన విలువ ఇక్కడ తెలుస్తుంది. ముందు డుమాపిక్ వేసి ఉన్న చోటు తెలుసుకోండి. తొమ్మిదో అంతస్తులో 12/7 దగ్గర ఉన్నారనుకుంటే, మొదటి అంతస్తు మెట్లకు చేరడానికి పడమటికి 12, దక్షిణానికి 7, పైకి 8 అని కాగితం మీద రాయండి. మా ఇంట్లో ఒకరు ఆ మూడు అంకెలను పైకి చదువుతారు, రెండోవారు తెర మీద కొట్టినవాటిని తిరిగి చదివి వినిపిస్తారు. రెండూ కలిసిన తరవాతే మీట నొక్కుతాం.